సోమ బుధ శుక్రవారాల పెళ్లికొడుకు

డయాలసిస్ మిషన్ అలారం ఎందుకు మోగుతుందో ఈ పనిలోకి కొత్తగా వచ్చిన మీకు ట్రైనింగ్‌లో చెప్పే ఉంటారు. పైపు మడతపడితే, గాలి బుడగ వస్తే, సూదులు గుచ్చిన చెయ్యి పేషెంటు వంచితే. నేను పనిచేసిన చోట ఇంకో కారణం ఉండేది. అలారం రిజిస్టర్‌లో మా టెక్నీషియన్ దాన్ని కోడిగీతల్లాంటి తన అక్షరాలతో ‘నవ్వు’ అని రాసేవాడు. ఒకే నెలలో ఆ మాట ఇరవైసార్లు కనబడేసరికి డాక్టరుగారు నన్ను పిలిపించారు. ప్రిస్క్రిప్షన్ మీద రాస్తే తప్ప నవ్వని మనిషి ఆయన.

“ఏంటి సిస్టర్ ఇది?” అన్నారు.

“నిజమే సార్. చెయ్యి కదపకుండా నవ్వడం వాళ్లకింకా రావట్లేదు. నేర్పిస్తున్నాం” అన్నాను.

నాకు మొదటినుంచీ నోరెక్కువ. ఆయన కాసేపు నన్నూ, కాసేపు రిజిస్టర్‌నూ చూసి, “చివరి గంటలో మాత్రం చదవనివ్వకండి. బీపీ పడిపోయే టైం అది” అని సంతకం పెట్టి ఇచ్చేశారు. ఆ సంతకం వెనకున్న కథే ఇప్పుడు చెప్పబోతున్నాను. ఇందులో నేను చేసిన తప్పులు రెండున్నాయి. మీరు చెయ్యకుండా ఉంటారని చెప్పడం లేదు. చేసినప్పుడు గుర్తొస్తానని చెబుతున్నాను.

మా సెంటర్ నారాయణగూడలో ఒక మందుల షాపు పైన ఉండేది. నాలుగు మంచాలు, నాలుగు మిషన్లు, ఒక లిఫ్టు. మా పేషెంట్ల కన్నా లిఫ్టుకే జబ్బులెక్కువ. నేను ఇన్‌చార్జి సిస్టర్‌ని. అంబర్‌పేట నుంచి పొద్దున్నే బస్సులో వచ్చి ఆరున్నరకల్లా మొదటి బ్యాచ్‌ను మిషన్ల మీద వేసేదాన్ని. వారానికి మూడు రోజులు, రోజుకు నాలుగు గంటలు. ఆ నాలుగు గంటలూ చెయ్యి చాచి కదలకుండా పడుకోవాలి.

రెండువేల పదకొండులో నా సోమ, బుధ, శుక్రవారాల బ్యాచ్ ఇది. మొదటి మంచం మీద చిక్కడపల్లి పెద్దాయన. గోదావరి జిల్లా నుంచి వచ్చి నలభై ఏళ్లు ఇక్కడే ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. రెండో మంచం మీద మెస్ అక్క. అశోక్‌నగర్‌లో హాస్టల్ పిల్లలకు మెస్ నడిపేది. తను ఉప్పు ముట్టకూడదు గానీ ఊరందరికీ ఉప్పు సరిచూసి వండేది. మూడో మంచం మీద ఇరవయ్యేడేళ్ల కుర్రాడు. నల్గొండ వైపు పల్లెటూరి నుంచి వచ్చి, అశోక్‌నగర్ హాస్టల్లో ఉంటూ గ్రూప్స్ పరీక్షలకు చదువుకునేవాడు. మేమంతా అతన్ని ‘గ్రూప్స్’ అనే పిలిచేవాళ్లం. కాళ్లు వాస్తే ఎక్కువసేపు కూర్చొని చదవడం వల్లేననుకున్నాడట. తీరా చూపించుకుంటే రెండు కిడ్నీలూ పోయాయి. నాలుగో మంచం మీద నారాయణగూడ టైలర్ భాయ్. పుట్టి పెరిగింది ఇక్కడే. తెలుగు శుభ్రంగా మాట్లాడతాడు, చదవడం మాత్రం రాదు.

మొదట్లో వీళ్ల మధ్య టీవీ ఉండేది. అప్పటి రోజులు మీకు తెలుసుగా, ఏ చానెల్ పెట్టినా రాష్ట్రం వస్తుందా రాదా అనే చర్చే. పెద్దాయన ఒక చానెల్ పెట్టమంటే గ్రూప్స్ ఇంకోటి పెట్టమనేవాడు. ఇద్దరి బీపీలూ పోటీపడి పెరిగేవి. ఒకరోజు నేను వెళ్లి ప్లగ్గు పీకేశాను.

“ఇక్కడ మీ రక్తం కడుగుతున్నం. మరగబెడ్తలేం” అన్నాను.

ఆ తర్వాత వచ్చిన నిశ్శబ్దం టీవీ కన్నా అధ్వానంగా ఉండింది. నాలుగు గంటలు పైకప్పు చూస్తూ పడుకుంటే మనిషికి తన జబ్బు తప్ప ఇంకేమీ గుర్తురాదు. అది చూడలేక పెద్దాయన ఒక శుక్రవారం తన బీరువాలోంచి ఇటుకంత లావు పుస్తకం తెచ్చాడు. గోదావరి కాలవల మీద నడిచే పాతకాలపు హాస్య నవల. కథ ఏమీ లేదు. ఒక పెళ్లికొడుకు తన మేనమామతో కలిసి తన పెళ్లికి బయల్దేరతాడు. పెళ్లికూతురి ఊరు రెండు పడవల దూరం. అతను నాలుగువందల పైచిలుకు పేజీలు ప్రయాణం చేస్తూనే ఉంటాడు. ఒక పడవ బదులు ఇంకో పడవ ఎక్కుతాడు, ఎవరిదో పెళ్లిలో పీటల మీద కూర్చోబోయి పారిపోతాడు, కోర్టులో తనకు తెలియని దొంగతనానికి సాక్ష్యం చెబుతాడు. అతను చేరనప్పుడల్లా అవతల మామగారు పంచాంగం తీయించి కొత్త ముహూర్తం పెట్టిస్తుంటాడు.

చదవాలంటే పెద్ద చిక్కొచ్చింది. ఉన్నది ఒక్క చెయ్యి. ఆ ఇటుకను ఒంటిచేత్తో పట్టుకోవడం ఎవరివల్లా కాలేదు. అప్పుడు పెద్దాయనే, “విడదీసెయ్యండమ్మా. ఎలాగూ కుట్లు ఊడిపోతున్నాయి” అన్నాడు. టెక్నీషియన్ కుట్లు కోసే బ్లేడుతో పుస్తకాన్ని పదహారేసి పేజీల ముక్కలుగా విప్పాడు. ఇరవయ్యెనిమిది ముక్కలయ్యాయి. భాయ్ వాటిని ఇంటికి తీసుకెళ్లి ఒక్కొక్కదానికీ విడిగా కుట్టు వేసుకొచ్చాడు. అప్పటినుంచి రోజుకో ముక్క. పెద్దాయన సగం, గ్రూప్స్ సగం చదవాలి. ముక్కలు నా సొరుగులో ఉండాలి, ఎవరూ ఇంటికి పట్టుకుపోయి ముందే చదవకూడదు. ఇది మెస్ అక్క పెట్టిన చట్టం.

గ్రూప్స్ మొదట చదవనన్నాడు. చెవుల్లో వైర్లు పెట్టుకొని గోడవైపు తిరిగేవాడు. రెండో వారంలో కాబోలు, నవల్లోని మేనమామ పడవలో నిద్రపోయి లేచి, తాము ఎక్కిన రేవులోనే దిగి, “చూశావా, ఎంత తొందరగా వచ్చేశామో” అన్నచోట మూడో మిషన్ మోగింది. అందరం అటు చూశాం. గ్రూప్స్ భుజాలు కదులుతున్నాయి. చెవుల్లో వైర్లు ఉత్తవే.

ఆ రోజు ముక్క అతని చేతికిచ్చాం. చదివాడు. పెద్దాయన ఊరుకోలేక మధ్యలో సరిదిద్దాడు.

“అలా కాదయ్యా, అక్కడ కాస్త సాగదియ్యాలి.”

“మీరు చదివినట్ల చదివితే నాకు నవ్వు రాదు సర్. నాకు నవ్వొచ్చినట్ల చదువుత, జర ఇనున్రి.”

విన్నాం. గోదావరి మేనమామ కాస్తా అతని నోట్లో నల్గొండ మేనమామ అయ్యాడు. పెద్దాయన పట్టుదలగా నవ్వాపుకున్నాడు గానీ ఆయన మిషన్ ఆపుకోలేకపోయింది.

మెస్ అక్క విన్నది విన్నట్టు తన మెస్‌లో వడ్డిస్తూ చెప్పేది. “పోరగాండ్లు కథ కోసం మారు అన్నం పెట్టించుకుంటున్నరు సిస్టరమ్మా. నష్టం నాకే” అని మురిసిపోతూ ఫిర్యాదు చేసేది.

ఇంత సరదాలోనూ గ్రూప్స్ మధ్యమధ్యలో డుమ్మా కొట్టేవాడు. సెంటర్‌కు రాకపోతే ఏమవుతుందో అతనికి తెలుసు. ఊపిరితిత్తుల్లోకి నీళ్లు చేరతాయి, గుండె లయ తప్పుతుంది. తెలిసే మానేసేవాడు. ఒక సోమవారం రాకపోతే ఫోన్ చేసి అరిచాను. బుధవారం వచ్చి, పడుకొని, మెల్లగా అన్నాడు.

“సిస్టర్, మా అమ్మ కిడ్నీ ఇస్తనంటున్నది. కూలికి పోయేటామె. ఆమెను కోసి నేను బతకాల్నా? వారానికి మూడుసార్లు ఈ మంచం మీద ఎన్నేండ్లు పండాలె? ఈ బుక్ అయిపోయేదాక వస్త. పెండ్లి సూస్త. తర్వాత నన్ను పరేషాన్ చెయ్యొద్దు.”

ఆ క్షణంలో అతను వస్తే చాలనిపించి, “సరే” అన్నాను. అది నా మొదటి తప్పు. పేషెంటు పెట్టే అలాంటి బేరానికి ఎప్పుడూ సరే అనకండి. అన్నాక వెనక్కి తీసుకోవడానికి ఉండదు.

ఆ రోజు నుంచీ ఆ నవలంటే నాకు భయం పట్టుకుంది. సొరుగు తీసినప్పుడల్లా ముక్కలు తరిగిపోతూ కనబడేవి. మెస్ అక్కతో చెప్పాను. ఆమె నోట్లో ఆవగింజ నానదు కనుక మిగతా ఇద్దరికీ సాయంత్రానికే తెలిసిపోయింది. తర్వాత ఏం జరిగిందో చూడండి. పెద్దాయనకు ఉన్నట్టుండి దగ్గు పట్టుకుంది. ప్రతి వాక్యానికీ ఆగి మంచినీళ్లు అడిగేవాడు, తాగకూడదని నేను గుర్తు చేసేదాన్ని, ఆ విషయం మీద పది నిమిషాలు చర్చ. భాయ్ పుట్టినప్పటినుంచీ వింటున్న తెలుగు మర్చిపోయాడు. “అరే, సమఝ్ నై ఆయా. పందిరి అంటే ఏంది? సన్నాయి అంటే ఏంది?” అని అడిగేవాడు. నాలుగొందల పెళ్లి షేర్వానీలు కుట్టిన మనిషికి పందిరంటే తెలియదట. రోజుకో ముక్క కాస్తా రోజుకు నాలుగు పేజీలైంది. గ్రూప్స్ మమ్మల్నందర్నీ చూసి నవ్వేవాడు. అతనికి అర్థమైందని మాకూ అర్థమయ్యేది.

ఎంత సాగదీసినా ఒక బుధవారానికి రెండే ముక్కలు మిగిలాయి. వెళ్తూ వెళ్తూ అతను “రెండే ఉన్నయ్ గద సిస్టర్” అన్నాడు. ఆ మధ్యాహ్నం నేను చేసింది నా రెండో తప్పు. చివరి ముక్కను సొరుగులోంచి తీసి, స్టోర్ గదిలో పాత పేపర్ల దొంతర మధ్యలో దాచాను. కనబడటం లేదని చెప్పి కొన్నాళ్లు వెతుకులాట నడిపిస్తే, ఆలోగా ఎలాగైనా అతని మనసు మార్చవచ్చని నా పథకం.

గురువారం మా ఆయమ్మ స్టోర్ శుభ్రం చేసి, పేపర్లు కొనేవాడిని పిలిచి దొంతర మొత్తం ఇచ్చేసింది. ఆ డబ్బుతో స్టాఫ్ అందరికీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు తెప్పించింది. నేను రెండు బిస్కెట్లు తిన్నాను కూడా. ఎక్కడివని అడగలేదు.

శుక్రవారం పెద్దాయన కథ ఊపులో పడి ఇరవయ్యేడో ముక్క దగ్గకుండా చదివాడు. కాలవకు అవతల పందిరి కనబడుతోంది, సన్నాయి వినబడుతోంది. గట్టున పడవ ఉంది, పడవవాడు లేడు. అక్కడికి ఆ ముక్క అయిపోయింది. “తెండమ్మా ఆఖరిది” అన్నాడు. నేను వెతికినట్టు నటించడానికి స్టోర్‌లోకి వెళ్లాను. అక్కడ దొంతరే లేదు. ఆయమ్మ చెప్పింది విని కాళ్లీడ్చుకుంటూ వచ్చి జరిగింది జరిగినట్టు నలుగురి ముందూ ఒప్పుకున్నాను.

“నీ నోట్ల మన్నువడ, గదేం పనమ్మా సిస్టరమ్మా!” అంది మెస్ అక్క.

“యా అల్లా! అయితే పెళ్లి అయిందా, కాలేదా?” అన్నాడు భాయ్. ఈసారి పెళ్లంటే ఏమిటని అడగలేదు.

అందరం పెద్దాయన వైపు తిరిగాం. ఆయన ఎప్పుడో కాలేజీ రోజుల్లో చదివాడు కదా. ఆయన చాలాసేపు కళ్లు మూసుకొని ఆలోచించి, “పడీపడీ నవ్వానని గుర్తుందమ్మా. ఎందుకు నవ్వానో గుర్తు రావట్లేదు” అన్నాడు.

గ్రూప్స్ మాత్రం సూదులు తీశాక చెప్పులేసుకుంటూ, “అయితే అయిపోయినట్టే గద సిస్టర్” అని వెళ్లిపోయాడు.

శని, ఆదివారాలు మావాళ్లు ఊరు గాలించారు. భాయ్ కొడుకును తీసుకొని కోఠిలో పాత పుస్తకాల కొట్లన్నీ తిరిగాడు. దోమలగూడలో స్నేహితుడి ఇంట్లో ప్రతి ఉందని పెద్దాయన ఆటో కట్టించుకొని వెళ్తే, చెదలు తినగా మిగిలిన అట్టలు చూపించారట. చదవడం రాని మెస్ అక్క తన మెస్‌కొచ్చిన ప్రతి కుర్రాణ్ణీ, “ఏ లైబ్రరీల దొర్కుతదో సూడున్రి” అని తరిమిందట. ఎక్కడా దొరకలేదు.

సోమవారం ఆరున్నరయింది, ఏడయింది. మూడో మంచం ఖాళీ. ఫోన్ స్విచ్చాఫ్. శుక్రవారం తర్వాత సోమవారం అంటేనే మా వాళ్లకు పెద్ద ఎడం, అది కూడా తప్పితే ప్రాణం మీదికొస్తుంది. మెస్‌కు ఫోన్ చేస్తే శనివారం నుంచి తిండికే రాలేదన్నారు. ఆ పూట మా గదిలో ఒక్క అలారం మోగలేదు. పదిన్నరకు మెస్ అక్క చేతి సూదులు తీసి పట్టీ వేశానో లేదో, ఆమె మంచం దిగి “నడువ్ సిస్టరమ్మా” అంది. కాసేపు పడుకోవాలని చెప్పాల్సింది నేనే. చెప్పలేదు. టెక్నీషియన్‌కు ఒక మిషన్ ఖాళీగా ఉంచమని చెప్పి ఇద్దరం ఆటో ఎక్కాం.

హాస్టల్లో అతని గది రెండో అంతస్తులో ఉంది. మెట్లెక్కి మలుపు తిరిగేసరికి మూసిన తలుపు ముందు ఏడెనిమిది జతల చెప్పులు కనబడ్డాయి. ఇంటి ముందు అన్ని చెప్పులు ఎప్పుడుంటాయో మీకు చెప్పక్కర్లేదు. మెస్ అక్క గోడ పట్టుకుంది. నా సర్వీసులో ఎన్నో చావులు చూశాను. ఆ తలుపు తియ్యడానికి పడ్డంత భయం ఎప్పుడూ పడలేదు.

అంతలో లోపల్నుంచి గొల్లున నవ్వులు వినిపించాయి.

తోసుకొని వెళ్లాం. నేలంతా కుర్రాళ్లు. గోడకానుకొని గ్రూప్స్. మొహం ఉబ్బిపోయి ఉంది, మాటకో ఆయాసం. ఒళ్లో పరీక్షల ప్రాక్టీసుకు వాడే పొడుగు కాగితాలు. రాస్తున్నాడు.

“ఆగున్రి సిస్టర్. ఇంక రెండు పేజీలున్నయ్” అన్నాడు.

నేను తిట్టానో ఏడ్చానో నాకే తెలియదు. రెండూ కలిపే చేశాను. “ఫోనెందుకు ఆపినవ్ రా? చస్తవ్, తెలుసా నీకు?”

“అందరు ఫోన్లు చేస్తే రాసుడు కాదని ఆపిన. తారీకు సోయి లేదు సిస్టర్, ఇయాల ఆయితారం అనుకున్న. గీళ్లంత పెండ్లి అయిందా, అయిందా అని పాణం తీస్తున్నరు. దొరకదని తెలిసినంక ఎవరో ఒకరు రాయాలె గద.”

“ముందల లే!” అంది మెస్ అక్క. “ఒక్క ముక్క గూడ ఇక్కడ చెప్పకు. మేం ఇనలే ఇంక. చెప్పినవంటే నేనే సంపుత.”

ఇద్దరు కుర్రాళ్లు అతన్ని, ఇంకొకడు కాగితాలను మోసుకొని దిగారు. సెంటర్‌కు వచ్చేసరికి ఎప్పుడో ఇంటికి వెళ్లిపోవాల్సిన పెద్దాయనా, భాయ్ బెంచీ మీదే కూర్చొని ఉన్నారు. డాక్టరుగారు వచ్చి అతన్ని చూసి, నన్ను తిట్టి, మిషన్ మీద వేయించారు. రెండు గంటలు నీళ్లు దిగాక గానీ నోరు తెరవద్దన్నారు. ఎవరూ కదల్లేదు. రెండు గంటలయ్యాక, ఆయాసం తగ్గి, అతను చదవడం మొదలుపెట్టాడు.

పెళ్లికొడుకు పడవను తానే తోసుకున్నాడు. అది వెళ్లి వెళ్లి నల్గొండలో తేలింది.

“గోదావరి పెళ్లికొడుకు నల్గొండకెలా వచ్చాడయ్యా? కాలవ ఉండొద్దూ?” అన్నాడు పెద్దాయన.

“తొవ్వ తప్పిండు సర్. నాలుగొందల పేజీలు తప్పినోడు ఇంకో నాలుగు తప్పడా?”

పెద్దాయన ఆలోచించి, “తప్పుతాడు. కానివ్వు” అన్నాడు. అక్కడినుంచి పెళ్లికొడుకు బస్సెక్కి అశోక్‌నగర్ చేరాడు. హాస్టల్లో మంచం కిరాయికి తీసుకున్నాడు. ఒక మెస్‌లో చారు పోసే ఆమె ఆకలి సంగతి అడక్కుండా పెళ్లి సంగతే అడుగుతుంటే మెస్ అక్క, “గది నేనేనా?” అని చెంగు నోట్లో కుక్కుకుంది. ఒక టైలరు అతనికి షేర్వానీ కుట్టి, పందిరంటే ఏమిటని అడిగాడు. భాయ్ బెంచీ మీదనుంచి కిందికి జారాడు. మూడో మిషన్ మొత్తుకుంటూనే ఉంది, టెక్నీషియన్ ఆపుతూనే ఉన్నాడు. చివరికి పెళ్లికొడుకు పందిట్లో అడుగుపెట్టాడు. మామగారు కాళ్లు కడగడానికి చెంబు ఎత్తాడు. పురోహితుడు వేళ్లు లెక్కపెట్టి, అయ్యో, ముహూర్తం ఇప్పుడే దాటిపోయింది, మళ్లీ మంచి ముహూర్తం బుధవారం పొద్దున ఆరున్నరకే అన్నాడు.

గ్రూప్స్ కాగితాలు మడిచాడు.

“తర్వాత?” అన్నాడు భాయ్.

“బుధవారం” అన్నాడు. నా వైపు తిరిగి, “అయిపోలే గద సిస్టర్. అయిపోయేదాక వస్తనన్న” అన్నాడు.

నేను మొహం తిప్పుకొని మిషన్ మీద అంకెలు చూశాను. ఒక్కటీ కనబడలేదు.

బుధవారం ఆరుంబావుకే వచ్చాడు, చేతిలో కొత్త కాగితాలతో. శుక్రవారమూ వచ్చాడు. బంద్ రోజుల్లో ఆటోలు లేకపోతే నడిచి వచ్చాడు. ఏడాది తిరిగేసరికి వాళ్లమ్మను వెంటబెట్టుకొచ్చి, ఆమెకు పరీక్షలు చేయించమని డాక్టరుగారిని తనే అడిగాడు. ఆపరేషన్ అయ్యాక మంచం అవసరం తీరిపోయింది, అయినా సోమ, బుధ, శుక్రవారాలు వచ్చి స్టూలు మీద కూర్చొని చదివి వెళ్లేవాడు. రెండువేల పద్నాలుగులో నేను రిటైరైన రోజున కూడా చదివాడు. అప్పటికి ఆ పెళ్లికొడుకు ఇంకా దారిలోనే ఉన్నాడు.